నందినిలో పాడని యాంప్లిఫయర్

ఈమధ్య మీరు అమ్మిన పాత వస్తువు గురించి, కొన్నవాడు గుమ్మం దిగేదాకా మీరు గొంతులోనే అదిమిపెట్టుకున్న మాట ఏది? "అలాంటిదేమీ లేదు" అని తొందరపడకండి. నేనూ మొదట అదే అన్నాను.

కిందటి నెల రిసాలిలో పెద్ద ఇల్లు ఖాళీ చేసి రెండు గదుల వాటాలోకి మారేటప్పుడు నా క్యాసెట్ డెక్కునీ, జత స్పీకర్లనీ అమ్మేయాల్సి వచ్చింది. మా తమ్ముడి కొడుకు కార్తీక్ ఫోటోలు తీసి, ఫోనులో ప్రకటన టైపు చేస్తూ, "అత్తా, ఎక్సలెంట్ కండిషన్ అని పెట్టేశా" అన్నాడు. ఎడమ స్పీకరు అరగంట పాడాక గరగరలాడుతుంది కదరా అన్నాను. "అరే అత్తా, అరగంట కౌన్ సున్‌తా హై? వచ్చినోడు రెండు నిమిషాలు వింటాడు, ఎత్తుకుపోతాడు. రెండు నిమిషాలు బాగానే పాడుతుంది కదా, అందులో ఝూఠ్ ఏముంది, అబద్ధమేముంది?" అన్నాడు వాడు. నాకు ఒళ్ళు మండింది. కానీ ఆ మంట వాడి మీద కాదు. వాడన్న తర్కాన్ని నేను పదహారేళ్ళప్పుడే విన్నాను. వాడికన్నా చదువుకున్న మనిషి నోట, వాడికన్నా నిజాయితీపరుడైన మనిషి నోట. ఆయన మా నాన్న.

మా నాన్న ఇక్కడి ఉక్కు ప్లాంటులో మోటార్లు బాగుచేసే విభాగంలో పనిచేసేవాడు. విజయనగరం దగ్గర్నుంచి ఉద్యోగం కోసం వచ్చి, ప్లాంటువాళ్ళ సెక్టారు క్వార్టరులో కాపురం పెట్టినవాడు. సెలవు రోజుల్లో ఆయనది ఇంకో లోకం. బదిలీ మీద పోయే ఆఫీసర్లు, రిటైరై ఊళ్ళకి పోయేవాళ్ళు, ఒప్పందాలు ముగిసి తిరిగి వెళ్ళిపోయే రష్యా ఇంజనీర్లు వదిలిపెట్టిన రేడియోలు, గ్రామఫోన్లు, టేప్ రికార్డర్లు, యాంప్లిఫయర్లు మా వరండాలోకి చేరేవి. నాన్న వాటిని ముందు కళ్ళతో చూసేవాడు కాదు, ముక్కుతో చూసేవాడు. వెనక రేకు విప్పి, ముఖం లోపలికి పెట్టి, కళ్ళు మూసుకుని గాలి పీల్చేవాడు. "ట్రాన్స్‌ఫార్మర్ ఓసారి కాలింది. పైన వార్నీషు పూసి ఊరుకున్నారు, వెధవలు" అనేవాడు. ఆ తర్వాతే స్క్రూడ్రైవరు. ఆదివారం పూట మా ఇంట్లో టంకం వేసేటప్పుడు లేచే గుగ్గిలం పొగ, అమ్మ వేయించే వడియాల వాసన, తీగల మీద ఆరేసిన బట్టల్లో పట్టిన ఎర్ర దుమ్ము వాసన కలిసిపోయి ఉండేవి. ఇప్పటికీ ఎవరింట్లోనైనా గుగ్గిలం పొగ వేస్తే నాకు దేవుడు గుర్తురాడు. దేవుడంటే నాకు ఎన్నడూ నమ్మకం లేదు గనక అది సహజమే. మూత విప్పిన రేడియో గుర్తొస్తుంది.

నాన్నకి దేవుడి మీద ఎంత అపనమ్మకమో, పరీక్ష మీద అంత నమ్మకం. ఆదివారం సాయంత్రాలు మా ముందుగదిలో చర్చలు జరిగేవి. ముహూర్తాలు, కులాలు, పంచాంగాలు, శకునాలు, దేన్నీ వదిలేవారు కాదు. ఎవరు ఏది వాదించినా నాన్న చివరికి చెయ్యి చాపి ఒకటే అనేవాడు: "పెట్టి చూపించు." కరెంటులో పెట్టి చూపించమన్నట్టు. మంత్రంతో తేలు విషం దిగుతుందా? పెట్టి చూపించు. నేను ఆ గది గుమ్మంలో కూర్చుని పెరిగాను. ఈరోజు నేను సభల్లో ఏం మాట్లాడినా ఆ రెండు మాటలకి వ్యాఖ్యానమే.

సెకండ్‌హ్యాండ్ సెట్లు అమ్మడంలో కూడా ఆయన పద్ధతి ఇదే. ప్రతి సెట్టుకీ ఒక చీటీ కట్టేవాడు. ఇంటికొచ్చిన పెళ్ళికార్డుల వెనక వైపు తెల్లగా ఉంటుంది కదా, దాన్ని కత్తిరించి, చిల్లు పెట్టి, దారం కట్టి సెట్టుకి వేలాడదీసేవాడు. దాని మీద ఆ సెట్టులో ఉన్న లోపాలన్నీ ఉండాలి. కొనేవాళ్ళకి హిందీలో కావాలి, నాన్న హిందీ ప్లాంటు హిందీ. అందుకని ఆయన తెలుగులో చెప్తుంటే నేను హిందీలో రాసేదాన్ని. 'వాల్యూమ్ బటను కంపెనీది కాదు. స్పీకరు కాగితం చిరిగితే అతికించాం. స్టేషను ముల్లు కొంచెం పక్కకి చూపిస్తుంది.' పక్క క్వార్టరు అప్పల్రాజు మావయ్య, నాన్నతో పాటే ప్లాంటులో చేసేవాడు, ఆ చీటీలు చదివి పగలబడి నవ్వేవాడు. "ఓరి నీ ఇల్లు బంగారంగానూ! ముందు వైపు చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి, వెనకాల రోగాల చిట్టా. నా పెళ్ళికార్డుకి ఇలాగ రాసుంటే మీ అక్క నన్ను సేసుకునేదేటి?" అనేవాడు. సుపేలా బజారులో దుకాణాలవాళ్ళు నాన్నని పిచ్చివాడనుకునేవారు. అయినా మనుషులు మా వరండాకే వచ్చేవారు. నాకు గర్వంగా ఉండేది. ఇంత పొడుగునా ఆ గర్వం గురించి ఎందుకు చెప్తున్నానంటే, తర్వాత చెప్పబోయే పాపం దాని కడుపులోంచే పుట్టింది.

ఒక వేసవిలో పెద్ద యాంప్లిఫయరు ఒకటి వచ్చింది. పెళ్ళిళ్ళలో, సభల్లో మైకుకి పెట్టే రకం. లోపల గాజు బుడ్ల లాంటి వాల్వులు వెలిగేవి. నాన్న మూడు ఆదివారాలు దాని మీద కూర్చున్నాడు. నాలుగో ఆదివారం రికార్డు పెట్టి వింటుండగా, లైన్లో ఏదో మరమ్మతు జరుగుతోందేమో, కరెంటు పడిపోయింది. బల్బు పండిన మిరపకాయలా ఎర్రబడింది. పాడుతున్న గొంతు నూతిలోకి జారినట్టు జారి, మూలిగి, ఆగిపోయింది. కొంతసేపటికి బల్బు తెల్లబడింది, పాట మళ్ళీ లేచింది. నేను చీటీ మీద అప్పటికే సగం రాశాను: 'వోల్టేజి తగ్గితే...'

"అది కొట్టీ" అన్నాడు నాన్న.

"ఆగిపోయింది కదా నాన్నా."

"సెట్టు ఆగలేదమ్మా, కరెంటు ఆగింది. పొయ్యిలో నిప్పు లేక అన్నం ఉడక్కపోతే బియ్యాన్ని తిడతామేటి? మనం రాసేది సెట్టు లోపాలు, లోకం లోపాలు కాదు."

ఎంత చక్కటి పోలిక! వాదన నేర్చుకుంటున్న పిల్లని, ముచ్చటపడ్డాను. సగం రాసిన చీటీని చింపేసి, కొత్త పెళ్ళికార్డు తీసుకుని, మిగతా లోపాలు ముత్యాల్లా రాశాను. గుమ్మంలో కూర్చుని చింతపండు ఈనెలు తీస్తున్న అమ్మ ఒకసారి తలెత్తి చూసి, మళ్ళీ ఈనెల్లో పడింది.

ఆ యాంప్లిఫయరు కొన్నవాడు బిసాహు. నందిని సున్నపురాయి గనిలో రాళ్ళు ఎత్తే కూలీ. గని కాలనీకి అవతల ఒక పల్లె అతనిది. గనిలో నడుము విరుగుతోందని, మైకుసెట్టు పెట్టుకుని చుట్టుపక్కల పెళ్ళిళ్ళకీ, పిల్లలు పుడితే చేసే ఛట్ఠీ పండగలకీ తిప్పి బతకాలని అతని ఆశ. చదువు రాదు. చీటీ నేను చదివి వినిపించాను. శ్రద్ధగా విన్నాడు. ఆఖర్న ఒక్క ప్రశ్న అడిగాడు. "హమర్ గాఁవ్ మ బజహీ న, బాబూ?" మా ఊళ్ళో మోగుతుంది కదా అని.

"ఇక్కడ మోగింది అక్కడ మోగదా? కహీఁ భీ బజేగా" అన్నాడు నాన్న, ఎక్కడైనా మోగుతుందని.

అతను నా వైపు కూడా చూశాడు. చీటీ చదివిన పిల్లని కదా. నేను తలూపాను.

మా సెక్టార్లకి ప్లాంటు లైను కరెంటు. ఏడాదిలో ఒకటి రెండుసార్లు తప్ప బల్బు రెప్ప వేసేది కాదు. అందులో పుట్టి పెరిగిన నాకు కరెంటంటే అలాగే ఉంటుందని నమ్మకం. చేప నీటి గురించి రాయనట్టు మేము వోల్టేజి గురించి రాయలేదు. పల్లెల్లో ఎర్రబల్బే మామూలు సంగతని నాన్నకి తెలియదా? ప్లాంటులో మోటార్లు విప్పి కట్టే మనిషి! తెలుసు. ఆ తెలివిని ఆయన వరండా గడప అవతల పెట్టేశాడు, అంతే.

రెండు వారాల తర్వాత ఒక సెలవు రోజు పొద్దున్నే బిసాహు సైకిలు మీద వచ్చాడు. వెనక క్యారియరు మీద యాంప్లిఫయరు, దెబ్బ తగలకుండా దాని చుట్టూ భార్య పాత చీర. మనిషి కూర్చోలేదు, మంచినీళ్ళు ముట్టలేదు. మొదటి పెళ్ళిలోనే, సరిగ్గా మగపెళ్ళివారు ఊళ్ళోకి అడుగు పెట్టేసరికి సెట్టు మూలిగి మూగబోయిందట. పెళ్ళివారు గోలచేశారు. డొక్కు పెట్టె తెచ్చి కొత్తదని కోతలు కోశాడని అందరిలో అన్నారు. ఎల్లుండి గౌంటియా ఇంట్లో పెళ్ళి. గౌంటియా అంటే వాళ్ళ ఊరి పెద్ద. ఆయన ఇప్పుడు దుర్గ్ పట్నం నుంచి మైకు తెప్పిస్తున్నాడు, బిసాహు అబద్ధాలకోరని నలుగురికీ చెప్తున్నాడు. ఆ పేరు పడితే ఇక ఏ ఇంటివాళ్ళూ పిలవరు. మళ్ళీ రాళ్ళ దగ్గరికే.

నాన్న యాంప్లిఫయరు బల్ల మీద పెట్టి ప్లగ్గు పెట్టాడు. వాల్వులు వెలిగాయి. రికార్డు తిప్పాడు. వీధి చివరిదాకా గణగణ మోగింది.

ఆ మోతకి చుట్టుపక్కలవాళ్ళు వచ్చి వరండా కటకటాల దగ్గర నిలబడ్డారు. బిసాహు నోరు తెరిచి ఆ పెట్టెను చూస్తున్నాడు, పెంచిన కుక్క కరిచినట్టు.

"ఏటోయ్ బిసాహు, మీ పెళ్ళివోళ్ళు చెవిటోళ్ళేటి?" అన్నాడు అప్పల్రాజు మావయ్య తెలుగులో, మళ్ళీ హిందీలో. అందరూ నవ్వారు.

"పెట్టి చూపించాను. దేఖ్ లియా? ఇంకేం కావాలి?" అన్నాడు నాన్న. గొంతు పెంచలేదు. అది ఇంకా ఘోరం.

"మైఁ ఝూఠ్ నఇ బోలత్ హవ్, బాబూ" అన్నాడు బిసాహు. అబద్ధమాడటం లేదని. మళ్ళీ అదే అన్నాడు.

ఇక్కడ కాస్త ఆగి నా సంగతి చెప్పాలి. నాకు తెలుసు. ఎర్రబల్బు సంగతి ఆ క్షణంలో నా కళ్ళ ముందు ఆడుతోంది. నోరు విప్పితే మా నాన్న నిజాయితీ ఇంతమంది ముందు బజారున పడుతుంది. విప్పకపోతే ఒక మనిషి అబద్ధాలకోరై సైకిలెక్కి వెళ్ళిపోతాడు, అతని బతుకు మళ్ళీ గనిలోకి పోతుంది. నేను నోరు విప్పలేదు. ఆ గుమ్మంలో కులం మీద, అసమానత మీద ఎన్ని ఉపన్యాసాలు విన్నాను! కానీ ఆ పొద్దున మా వరండాలో ఎవరి మాట పుట్టుకతోనే నిజమో, ఎవరి మాటకి రుజువు కావాలో ముందే తీర్మానమైపోయింది. ఆ తీర్మానానికి నేనూ చెయ్యెత్తాను. చెయ్యెత్తడమంటే మరేమీ కాదు, ఊరకుండటమే.

వంటింట్లోంచి అమ్మ తడి చేతులతో వచ్చింది. నాన్న వైపు చూడలేదు. "ఒలే గుంటా," అంది నాతో, "ఆవేళ నువ్వు రాసి చింపీసిన చీటీలో ఏటుందే?"

నవ్వులు ఆగిపోయాయి.

"సెప్పవేం? నోట్లో ఏటైనా పెట్టుకున్నావా?"

"వోల్టేజి తగ్గితే ఆగిపోతుందని" గొణిగాను. అమ్మ మళ్ళీ చెప్పమంది. ఈసారి హిందీలో చెప్పించింది, బిసాహుకి అర్థమయ్యేలా.

నాన్న ముఖం నల్లబడింది. "అది కరెంటు తప్పు. సెట్టు తప్పు కాదు" అన్నాడు.

"మంచిదేనండీ. అయితే అక్కడికెల్లి పెట్టి చూపించండి. ఆ మాట మీదే గదా, నాది కాదు" అంది అమ్మ. మళ్ళీ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ పూటే నాన్న, బిసాహు, నేను బస్సెక్కి నందిని వెళ్ళాం. యాంప్లిఫయరు నాన్న ఒళ్ళో. కాలనీ దాటాక చెట్ల ఆకుల మీద కూడా సున్నపు పొడి. గౌంటియా ఇంటి ముంగిట్లో అప్పటికే దుర్గ్ మైకు ఆయన వచ్చి తన సెట్టు సరిచూసుకుంటున్నాడు. ఇంటి చూరు కింద బల్బు, మిట్టమధ్యాహ్నం కూడా వెలుగుతున్నదే, ఎర్రటి పురుగులా ఉంది. ఆ కరెంటు మీదే దుర్గ్ సెట్టు పాడుతోంది. కాస్త నీరసంగా, కానీ పాడుతోంది.

నాన్న అది విన్నాడు. ఆయన నడక మారడం నేను చూశాను. అప్పటికే ఓడిపోయాడు. అయినా పరీక్ష పరీక్షే. అదే ప్లగ్గులో మన పెట్టె పెట్టాడు. మూలిగింది. ఒక మాట సగం పలికి మూగబోయింది. నాన్న రేకు విప్పి కాసేపు చూసి, దుర్గ్ ఆయన్ని ఒక వాల్వుల జత అడిగాడు. ఆయన వింతగా చూస్తూ ఇచ్చాడు. అవి పెట్టాక అదే పెట్టె, అదే ఎర్రబల్బు కరెంటు మీద, నీరసంగానే అయినా పాడింది. అంటే మా వాల్వులు ముసలివి. నిండు కరెంటులో కుర్రాళ్ళలా నటించి, కరెంటు తగ్గితే కూలబడేవి. లోపం లోకానిది కాదు, సెట్టుదే. మాకు అనుకూలమైన చోట మాత్రమే పరీక్షించి, దానికి సత్యం అని పేరు పెట్టుకున్నాం.

జనం పోగయ్యారు. గౌంటియా మంచం మీద కూర్చుని మీసం దువ్వుకుంటున్నాడు. నాన్న ఏదో చెప్పబోయాడు, ఆ గోలలో ఎవరికీ వినపడలేదు. దుర్గ్ ఆయన నవ్వుతూ తన మైకు చాపాడు: "ఇస్ మే బోలియే బాబూజీ, సాఫ్ సునాయీ దేగా." ఇందులో చెప్పండి, స్పష్టంగా వినపడుతుందని. దెప్పిపొడుపే. నాన్న ఆ మైకు పుచ్చుకున్నాడు.

"బిసాహు ఝూఠ్ నహీఁ బోలా," అన్నాడు ప్లాంటు హిందీలో. పక్క చెట్టుకి కట్టిన లౌడ్‌స్పీకరు ఆ మాటని గని గట్ల దాకా విసిరింది. "హమ్ పూరా సచ్ నహీఁ బోలా. ఏ పూఛా థా, గాఁవ్ మేఁ బజేగా క్యా. హమ్‌కో మాలూమ్ థా. హమ్ నహీఁ బోలా." బిసాహు అబద్ధమాడలేదు, నేనే పూర్తి నిజం చెప్పలేదు, ఊళ్ళో మోగుతుందా అని అడిగితే తెలిసీ చెప్పలేదు అని.

నేను ఏడవలేదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి, అంతే. ఇలాంటి చోట కథలు రాసేవాళ్ళు జనం చేత చప్పట్లు కొట్టిస్తారు. ఎవరూ కొట్టలేదు. గౌంటియా పెళ్ళికి దుర్గ్ మైకే మోగింది. వాల్వులు మార్చి ఇస్తానని నాన్న సెట్టుని వెనక్కి తీసుకున్నాడు. తిరిగి బస్సు దగ్గరికి వచ్చేటప్పుడు బిసాహు నాన్నతో నెమ్మదిగా, "ఉస్ దిన్ బోల్ దేతే, బాబూ" అన్నాడు. ఆవేళే చెప్పాల్సింది అని. తర్వాత చెప్పిన నిజం మంచిదే, కానీ అది ఆ మొదటి పెళ్ళిలో అతను పడ్డ తిట్లని వెనక్కి తీసుకోలేదు.

వానలు పోయాక బిసాహు మళ్ళీ వచ్చాడు, వాల్వులు మార్చిన అదే సెట్టు కోసం. ఈసారి చీటీని నా చేత రెండుసార్లు చదివించుకున్నాడు. ప్రతి లోపం తర్వాతా "అఉ?" అని అడిగాడు. ఇంకా? ఇంకా? ఆ ప్రశ్న నుంచే మా చీటీలో కొత్త వరసలు పుట్టాయి. ఏ కరెంటు మీద పరీక్షించాం, ఎంతసేపు పాడించాం, ఏవి పరీక్షించలేదు. ఆ ఆఖరిది రాయమని నాతో చెప్పడానికి నాన్న స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. దేవుణ్ణి కాదనడానికి ఆయనకి ఒక్క నిమిషం పట్టలేదు, తనకి తెలియదని పెళ్ళికార్డు వెనక రాయించడానికి మాత్రం ఒక మనిషి పరువు పోవాల్సి వచ్చింది.

అప్పటికీ ఇప్పటికీ తేడా ఏమిటి? అప్పుడు అమ్మినవాడి ముఖం కొన్నవాడికి తెలిసేది. బిసాహు సైకిలు తొక్కుకుంటూ వచ్చి మా వరండాలో నిలబడగలిగాడు. ఇప్పుడు స్పీకరు ఒక ఊళ్ళో, కొనేవాడు ఇంకో ఊళ్ళో. నిలదీయడానికి వరండా లేదు, వంటింట్లోంచి తడి చేతులతో వచ్చే అమ్మ లేదు. 'ఎక్సలెంట్', 'సింగిల్ హ్యాండ్', 'కొత్తదానిలాగే' అన్న మాటలు మంత్రాలైపోయాయి. చదివినవాడికి పట్టాల్సిన మంత్రాలు! తాయెత్తుని ఎగతాళి చేసే చదువుకున్నవాళ్ళు ఈ మాటలు సిగ్గులేకుండా టైపు చేస్తారు. తాయెత్తు అమ్మేవాడూ పరీక్ష అయ్యాక పనిచేయలేదంటే నీ జాతకం తప్పంటాడు, మనం నీ కరెంటు తప్పంటాం. రెండింటికీ తేడా ఉంటే నాకు పెట్టి చూపించండి. రెండు నిమిషాలు బాగా పాడే స్పీకర్ని రెండు నిమిషాల పరీక్షకి పెట్టడం అబద్ధం కాదని వాదించేవాళ్ళతో నేను వాదించను. నేనూ ఒకప్పుడు తలూపినదాన్నే, ఆ తలూపుడు బరువు నాకు తెలుసు.

అందుకని ఇప్పుడు ఈ పుస్తకం మూసి పక్కన పెట్టండి. ఆఖరుగా మీ దగ్గర పాత వస్తువు కొన్న మనిషికి ఫోన్ చేయండి. స్పీకరో, ఫోనో, ఫ్యానో, ఏదైతే అది. మీకు తెలిసీ చెప్పని సంగతి చెప్పండి. పరీక్షించకుండానే బాగుందన్నది ఏదో చెప్పండి. కరెంటు తప్పనకండి, ఇప్పుడు గుర్తొచ్చిందని కోతలు కోయకండి. అతను తిడతాడు. తిట్టనివ్వండి, ఫోను పెట్టేయకుండా చివరిదాకా వినండి.